కెమెరా వీపు వెనుక బజారు: పాత ఛాయాచిత్రాల్లో రెసిడెన్సీ, సుల్తాన్ బజారు చరిత్ర

వ్యాససంగ్రహం: నగర చరిత్ర రచనలో పాత ఛాయాచిత్రాల వాడకం ఈ మధ్య బాగా పెరిగింది. వాటిని ఎక్కువగా అలంకారాలుగానో, తిరుగులేని సాక్ష్యాలుగానో చూస్తున్నారు. హైదరాబాదులోని కోఠీ, సుల్తాన్ బజారు ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని, ఒక పేటలో ఏది ఫొటోకు ఎక్కిందో, ఏది ఎక్కలేదో ఆ పేట తరువాతి తలరాతను కూడా కొంతవరకు నిర్ణయించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 19వ శతాబ్దపు ఆస్థాన ఛాయాచిత్రాలు, 1908 మూసీ వరద చిత్రాలు, స్టూడియో చిత్రాలు, సంస్థల బృందచిత్రాలు, కళాశాల విద్యార్థినుల చిత్రాలు ఇందులో పరిశీలనకు వస్తాయి.

ముఖ్యపదాలు: ఛాయాచిత్రం, స్థానిక చరిత్ర, రెసిడెన్సీ బజారు, సుల్తాన్ బజారు, రాజా దీన్‌దయాళ్, మూసీ వరద.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు పాత ఛాయాచిత్రాలకు ఇప్పుడు కొరత లేదు. గ్రంథాలయాల సేకరణలు అంతర్జాలంలోకి వచ్చాయి. ప్రదర్శనలు జరుగుతున్నాయి. పత్రికల ఆదివారం సంచికల్లో ‘అప్పుడు, ఇప్పుడు’ శీర్షిక కింద రెండు చిత్రాలు పక్కపక్కన కనిపిస్తాయి. ఎడమవైపు బోసిగా ఉన్న వీధి, కుడివైపు కిక్కిరిసిన వీధి. చూసినవారు నిట్టూర్చి పేజీ తిప్పేస్తారు. ఆ నిట్టూర్పుతో ఎవరికీ పేచీ లేదు. అయితే స్థానిక చరిత్ర మీద సిద్ధాంత వ్యాసాలు రాస్తున్న పరిశోధకులు కూడా ఇదే పద్ధతిలో పాత చిత్రాన్ని అధ్యాయం మొదట్లో అతికించి, దాని గురించి ఒక్క వాక్యమైనా రాయకుండా ముందుకు సాగుతున్నారు. శాసనాన్ని ఉదహరించేటప్పుడు లిపి, కాలం, వేయించినవాడు, తావు అన్నీ పరిశీలిస్తాం. తాళపత్రానికి పాఠాంతరాలు చూస్తాం. ఛాయాచిత్రం దగ్గరికి వచ్చేసరికి ఈ జాగ్రత్తలన్నీ వదిలేస్తాం. అద్దంలో ముఖం చూసుకున్నంత నమ్మకంగా దాన్ని చూస్తాం.

ఛాయాచిత్రాన్నీ ఒక పాఠంగానే చదవాలన్నది కొత్త మాట కాదు. రోలాండ్ బార్త్ మొదలు క్రిస్టఫర్ పిన్నీ వరకు ఎందరో ఆ పని చేశారు. ఇక్కడ చెప్పదలచింది అంతకన్నా చిన్న విషయం, అయితే పేటలో నివసించేవారికి దగ్గరి విషయం. ఒక పేటలో ఏ భవనం పదేపదే ఫొటోకు ఎక్కిందో అది కాలక్రమంలో ‘వారసత్వం’ అయింది. ఏది ఎక్కలేదో అది రోడ్డు వెడల్పుకు అడ్డం అయింది. ఈ మాట కోఠీ, సుల్తాన్ బజారు విషయంలో ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

2. ఒక పేట, మూడు పేర్లు

1803 నుంచి 1806 వరకు మూసీ ఉత్తరపు ఒడ్డున బ్రిటిష్ రెసిడెంటు కోసం ఒక పెద్ద భవనం కట్టారు. అప్పటి రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, రూపశిల్పి మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. జనం దాన్ని కోఠీ అన్నారు. ఆ పేరే ఇప్పటికీ బస్సుల బోర్డుల మీద ఉంది. భవనం చుట్టూ, ముఖ్యంగా దాని ఉత్తర, పడమటి దిక్కుల్లో, సాహుకార్లు, బట్టల వర్తకులు, నౌకర్లు, గుమాస్తాలు చేరి ఒక బజారు ఏర్పడింది. అదే రెసిడెన్సీ బజారు. నిజాం రాజధానిని ఆనుకొనే ఉన్నా అక్కడ పాలన రెసిడెంటుది. 1933లో ఈ బజార్లను తిరిగి నిజాం ప్రభుత్వానికి అప్పగించారు. అప్పటి నుంచి సుల్తాన్ బజారు అన్న పేరు స్థిరపడింది.

ఈ పాలనాభేదం తెలుగువారి చరిత్రకు ముఖ్యమైనది. నిజాం రాజ్యంలో సభకూ సంఘానికీ అనుమతులు దొరకడం కష్టమైన కాలంలో రెసిడెన్సీ హద్దుల్లో కొంత వెసులుబాటు ఉండేది. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది ఈ ప్రాంతంలోనే. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు దాని స్థాపకులు. ఆర్యసమాజం 1892 నుంచే ఇక్కడ పనిచేసింది. దగ్గరలోనే వివేకవర్ధిని విద్యాసంస్థ ఉంది. వందేళ్ల కిందటి తెలుగు, మరాఠీ, హిందీ ప్రజాజీవితానికి ఇంత చిన్న చోటులో ఇన్ని కేంద్రాలున్న పేట నగరంలో మరొకటి చూపించడం కష్టం.

3. ఉత్తరపు మెట్ల ముందు

ఇక చిత్రాల సంగతి. రెసిడెన్సీ ఛాయాచిత్రాల్లో అందరికీ పరిచయమైనది ఉత్తర ముఖమండపం. ఆరు ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, వాటి మీద త్రికోణపు పైకప్పు అంచులో ఈస్టిండియా కంపెనీ చిహ్నం, కింద విశాలమైన మెట్లు, మెట్లకు అటూ ఇటూ రెండు పెద్ద సింహాలు. రాజా దీన్‌దయాళ్ తీసిన చిత్రాల ద్వారా ఈ రూపం స్థిరపడింది. సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇందూరులో కొలువు చేసి, 1880ల మధ్యలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన దీన్‌దయాళ్ జీవితం చాలామందికి తెలిసినదే. సికింద్రాబాదులో ఆయన స్టూడియో 1886లో వెలసింది. నిజాం రాజ్యపు దృశ్యాల పేరుతో ఆయన స్టూడియో కూర్చిన 1892 నాటి ఆల్బమ్ తరువాత కర్జన్ సేకరణలో చేరి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. రాజమందిరాలు, గోల్కొండ, చార్మినార్, రెసిడెన్సీ భవనం, దాని లోపలి మెట్లదారి వంటివి ఆయన చిత్రాల్లో పదేపదే వస్తాయి.

ఈ చిత్రాల నైపుణ్యం గురించి రెండు మాటలు ఉండదు. గాజుపలక మీద పట్టిన నీడల మెత్తదనం, స్తంభాల నిలువు గీతలు ఒరగకుండా నిలబెట్టిన తీరు చూస్తే దీన్‌దయాళ్‌లోని ఇంజినీరు కనిపిస్తాడు. విమర్శకుడు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఈ చిత్రం తీయడానికి కెమెరా ఎక్కడ నిలబడింది? ఉత్తర ముఖాన్ని తీయాలంటే భవనానికి ఉత్తరాన, తోటలో ముక్కాలిపీట వేసి, దక్షిణానికి తిరగాలి. అంటే కెమెరా ముఖం కోఠీ వైపు, వీపు బజారు వైపు. నడిచి కొద్ది నిమిషాల దూరంలో దుకాణాలు తెరుస్తున్నారు, బావి దగ్గర కడవలు మోగుతున్నాయి, గుమాస్తాలు పద్దులు విప్పుతున్నారు. చిత్రంలో మాత్రం నిశ్శబ్దం. భవనం ఒంటరిగా, ఏ ఊళ్లోనైనా ఉండగలిగినట్టుగా ఉంది. ఇంగ్లండులోని ఒక జమీందారీ భవనాన్ని చూస్తున్నామా అని చూసేవాడికి అనిపించాలి, అనిపిస్తుంది కూడా.

ఇది కాకతాళీయం అనుకోవచ్చు. భవనం ముఖం ఉత్తరానికి ఉంటే ఛాయాచిత్రకారుడు ఏం చేస్తాడు? కాని ఆ నిశ్శబ్దానికి ఒక చరిత్ర ఉంది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రొహిల్లాలు, ఇతర నగరవాసులు రెసిడెన్సీ మీద దాడి చేశారు. వాళ్లు మాటు వేసి కాల్పులు జరిపింది పుత్లీబౌలీ పక్కన రెసిడెన్సీ గోడకు ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరి మేడల నుంచి. దాడి విఫలమైంది. ఆ తరువాత రెసిడెన్సీ ప్రహరీని బురుజులతో పటిష్ఠం చేశారు. బజారులోని ఒక మేడ కోఠీ లోపలికి చూడగలిగితే ఎంత ప్రమాదమో రెసిడెంట్లకు అప్పుడు తెలిసివచ్చింది. ముప్పై ఏళ్ల తరువాత వచ్చిన ఛాయాచిత్రాలు ఆ గోడకు లోపలి నుంచి, గోడకు వీపు పెట్టి తీసినవి. బజారు కోఠీని చూసిన చూపు కాల్పుల నివేదికల్లో మిగిలింది. కోఠీ తనను తాను చూసుకున్న చూపు ఆల్బముల్లో మిగిలింది.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది. ఆనాటి కెమెరాలు బరువైనవి, పలకలు పెద్దవి, ఇరుకు గల్లీలో వాటిని నిలబెట్టడం సాధ్యమా, రద్దీలో కదిలే మనుషులు మసకగా పడరా అని. ఈ అభ్యంతరంలో నిజం లేకపోలేదు. తడి పలకల కాలంలో వీధుల్లో నడిచే మనిషి పొగలా పడేవాడు, ఒక్కోసారి అసలు పడేవాడు కాదు. కాని దీన్‌దయాళ్ హైదరాబాదులో పనిచేసేనాటికి ఎండు జెలటిన్ పలకలు వచ్చాయి. చార్మినార్ వీధిని ఆయన జనంతో సహా తీశాడు. లంగర్ ఊరేగింపును ఏనుగులతో, సైనికులతో తీశాడు. కాబట్టి జనాన్ని తీయలేకపోవడమనే ఇబ్బంది ఆయనకు లేదు. నిజాం ప్రభుత్వపు వైభవంలో భాగంగా జనం పటంలోకి వచ్చారు. రెసిడెన్సీ బజారు జనం ఎవరి వైభవంలోనూ భాగం కాదు. నిజాముకు వాళ్లు పరాయి హద్దులో ఉన్నవాళ్లు, రెసిడెంటుకు గోడ అవతలివాళ్లు.

ఈ సందర్భంలో ఇంకొక లోపం చెప్పాలి. దీన్‌దయాళ్ మీద వచ్చిన మంచి పుస్తకాలన్నీ, క్లార్క్ వోర్స్‌విక్ 1980లో తెచ్చిన సంపుటి నుంచి డెబొరా హటన్, దీపాలీ దేవన్ 2013లో రాసిన గ్రంథం వరకు, ఆంగ్లంలోనే ఉన్నాయి. నరేంద్ర లూథర్ పుస్తకం కూడా అంతే. తెలుగులో ఆయన గురించి వ్యాసాలు వస్తున్నా, తీసిన చిత్రాన్ని చిత్రంగా చదివిన విమర్శ అరుదు. ‘నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు’ అన్న పొగడ్త దగ్గరే ఆగిపోతున్నాం.

4. గోడలు కూలినప్పుడు

1905లో దీన్‌దయాళ్ కన్నుమూశాడు. మూడేళ్లకు, 1908 సెప్టెంబరు 28న, మూసీ నగరం మీద పడింది. చనిపోయినవారు సుమారు 15,000 అని సాధారణంగా చెప్పే లెక్క. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. నదికి రెండు వైపులా ఉన్న నగరానికి పాత వంతెన పురానాపూల్ ఒక్కటే ఆధారమైంది. కోల్సావాడి వంటి నదీతీరపు వాడలు తుడిచిపెట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికిన సంగతి ఇప్పటికీ నగరంలో చెప్పుకుంటారు.

వరద చిత్రాలు అంతకుముందు వచ్చిన హైదరాబాదు చిత్రాలన్నిటికన్నా భిన్నమైనవి. వాటిలో ముఖమండపాలు లేవు. సగం కూలిన మట్టిగోడలు, గోడలో మిగిలిన గూళ్లు, బయటపడ్డ వాసాలు, బురదలో నిలబడి కెమెరా వైపు చూస్తున్న మనుషులు. నదీతీరపు సామాన్యుల ఇళ్లు లోపల ఎలా ఉంటాయో కెమెరాకు కనిపించింది గోడ కూలిన తరువాతనే. ఈ మాట కఠినంగా వినిపించినా చరిత్రకారుడికి పనికివచ్చేది: పేదవాడి ఇంటికి 1908కి ముందు పటం దాదాపు లేదు, ఉన్నది శిథిలానికే. గూడు ఎంత ఎత్తున ఉంది, గోడ మందం ఎంత, ఇటుక కాల్చినదా, పచ్చిదా, కప్పు గూనపెంకుదా అన్న ప్రశ్నలకు ఈ విషాదచిత్రాలే సమాధానం ఇస్తాయి. వాటిని కేవలం విషాదచిత్రాలుగా చూసి, గుండె బరువెక్కి వదిలేస్తే ఆ వివరం జారిపోతుంది.

వరద తరువాత జరిగినది తెలిసిన కథ. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు, 1912లో నగరాభివృద్ధి సంస్థ, నదికి రాతి గోడలు, విన్సెంట్ ఎష్ రూపొందించిన హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి. మూసీ ఒడ్డు మళ్లీ పటాలకు తగినదైంది. కూలిన వాడల మనుషులు ఎటు వెళ్లారన్నది ఈ కొత్త పటాల్లో కనిపించదు.

5. బజారు తన్ను తాను తీయించుకున్నప్పుడు

రెసిడెన్సీ బజారువాళ్లు ఛాయాచిత్రాలకు దూరంగా ఉన్నారని దీని అర్థం కాదు. వాళ్లు స్టూడియోకు వెళ్లారు. ఇక్కడే ఈ చరిత్రలోని చిత్రమైన మలుపు కనిపిస్తుంది. ఆనాటి స్టూడియోల్లో వెనుక వేలాడదీసే రంగుల తెరల మీద సర్వసాధారణంగా ఉండేవి స్తంభాలు, పిట్టగోడలు, మెట్లు, పూలకుండీలు, దూరంగా ఒక తోట. బట్టల దుకాణం యజమాని తలపాగా సర్దుకొని, చేతికర్ర పట్టుకొని, ఆ తెర ముందు నిలబడ్డాడు. పక్కనే కుర్చీలో భార్య, ముందు పిల్లలు. వెనుక కొరింథియన్ స్తంభం, తెర మీద రంగులతో. ఏ కోఠీ లోపలికి అతను దర్జాగా అడుగు పెట్టలేకపోయాడో ఆ కోఠీ లక్షణాలే అతని కుటుంబచిత్రానికి నేపథ్యమయ్యాయి. సొంత దుకాణం, తన ధనానికి మూలమైన ఆ అరుగు, అతనికి పటంలో పెట్టదగినదిగా తోచలేదు. రెసిడెన్సీ కెమెరా బజారుకు వీపు తిప్పిందని అన్నాం. బజారు కూడా బజారుకు వీపు తిప్పింది.

ఇది వర్తకుడి ఆత్మవంచన అని తీసిపారేయడం తొందరపాటు. పటం అంటే అప్పుడు పండుగ బట్టలాంటిది. రోజూ కట్టుకునే బట్టతో ఎవరు తీయించుకుంటారు? కాని ఫలితం మాత్రం ఒకటే. వందేళ్ల తరువాత ఆ కుటుంబం పెట్టె అడుగు నుంచి పటం తీసి చూస్తే తాతగారి ముఖం ఉంటుంది, తాతగారి వీధి ఉండదు. ఈ వ్యాసరచయిత చూసిన కొన్ని కుటుంబ సేకరణల్లో పేట జాడ దొరికింది చిత్రం వెనుక అట్ట మీద ముద్రించిన స్టూడియో చిరునామాలో మాత్రమే. అందుకే పటాలను స్కాన్ చేసేవారు వెనుకవైపు కూడా స్కాన్ చేయాలి. చాలామంది చేయరు.

స్త్రీల చిత్రాల సంగతి ఇంకా సున్నితమైనది. దీన్‌దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసం హైదరాబాదులో జనానా స్టూడియో నెలకొల్పి, నిర్వహణను కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఎత్తైన గోడల మధ్య తీసిన ఆ చిత్రాలు కుటుంబం దాటి బయటికి పోకూడదన్నదే ఆ ఏర్పాటు సారాంశం. అవి నేడు బహిరంగ సేకరణల్లో అరుదుగా కనిపించడాన్ని లోపంగా చెప్పకూడదు. వాళ్లు కోరుకున్నది అదే. చరిత్ర రచన ఇలాంటి ఖాళీని ఖాళీగానే గౌరవించాలి.

ఇక సంస్థల బృందచిత్రాలు. గ్రంథాలయాలు, సంఘాలు వెలువరించిన వార్షికోత్సవ సంచికలు తిరగేసినవారికి వీటి వరుస కంఠతా వస్తుంది. మధ్య కుర్చీలో అధ్యక్షుడు, మెడలో దండ. అటూ ఇటూ ఉత్తరీయాలు వేసుకున్న పెద్దలు. వెనుక నిలబడ్డ యువకులు, ముందు చాప మీద బాలురు. కింద ‘కూర్చున్నవారు ఎడమ నుండి’ అని పేర్లు. నిలబడ్డవారి వరుసకు వచ్చేసరికి పేర్లు పలచబడతాయి, చాప మీద కూర్చున్నవారికి పేర్లు ఉండవు. పేరు లేనివాళ్లే తరువాత ఉద్యమాల్లో ఎవరెవరు అయ్యారో తెలుసుకొనే దారి అక్కడే మూసుకుపోతుంది. అయినా ఈ చిత్రాలు మనకు ఒక మేలు చేశాయి. స్టూడియో తెర లేకుండా సంస్థ భవనం ముందే తీసినవి కావడంతో, వరండా స్తంభం, తలుపు పైన పలక మీద సగం కనిపించే అక్షరాలు, పక్కింటి పిట్టగోడ, ఆ గోడ మీంచి తొంగిచూసే ఒక పిల్లవాడు అనుకోకుండా చట్రంలో పడతారు. పేట అలా అంచుల నుంచి పటంలోకి వస్తుంది. బార్త్ చెప్పిన గుచ్చుకునే వివరం ఇలాంటి చోట్లే దొరుకుతుంది.

ఈ బృందచిత్రాల పక్కన 1921 నవంబరు నాటి ఒక సంఘటన పెట్టి చూడాలి. వివేకవర్ధిని రంగశాలలో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరుగుతోంది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ రాత్రే కొద్దిమంది తెలుగువారు టేకుమాల రంగారావు ఇంట్లో చేరి ఆంధ్రజన సంఘానికి పునాది వేశారు. తెలంగాణ ఆధునిక చరిత్రలో ఇంత గురుతైన రాత్రులు ఎక్కువ లేవు. దాన్ని మనం తెలుసుకున్నది మాడపాటి హనుమంతరావు వంటివారు రాసిన మాటల వల్ల. ఆ గదిలో దీపం ఎక్కడ ఉందో, ఎవరు గోడకు ఆనుకొని కూర్చున్నారో, కోపం ఎవరి ముఖంలో ఎక్కువగా ఉందో చూపే కెమెరా లేదు. ఆ తరువాత వచ్చిన సభల చిత్రాల్లో దండలున్నాయి, గేలి లేదు. కాబట్టి బృందచిత్రాలను మాత్రమే ఆధారం చేసుకొని ఈ పేట తెలుగు చరిత్ర రాస్తే అది విజయయాత్రగా తేలుతుంది. అవమానం నుంచి మొదలైన సంగతి జారిపోతుంది. ఛాయాచిత్రం మౌనంగా ఉన్న చోట వ్రాతను పిలవాలి అన్నది చిన్న సూత్రమే. కాని చిత్రాల పుస్తకాలు చేసేవారు దీన్ని పాటించడం తక్కువ.

6. కాలనిర్ణయం గురించి

తేదీలు లేని చిత్రాలకు తేదీలు అంటగట్టడం ఇప్పుడు పెద్ద చిక్కు. ఈ ప్రాంతం వరకు పనికివచ్చే కొన్ని గుర్తులు చెప్పవచ్చు. నదీతీరంలో రాతి గోడ కనిపిస్తే అది వరద తరువాతి చిత్రం. ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు కనిపించే చిత్రానికి ‘1908 వరద’ అన్న శీర్షిక పెడితే అది తప్పు. నిజాం ప్రభుత్వ రోడ్డు రవాణా బస్సులు 1932లో మొదలయ్యాయి కాబట్టి ఆ బస్సు ఉన్న వీధి అంతకు ముందుది కాదు. ‘రెసిడెన్సీ బజారు’ అన్న రాతను చూసి 1933కి ముందుదే అని తేల్చడం మాత్రం సరికాదు. పెద్దలు పాత పేరునే వాడుతూ వచ్చారు, దుకాణం పలకలు వెంటనే మారవు. లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో 1912 నుంచి 1915 వరకు తయారైన నగర పటాలు ఇళ్లనూ బావులనూ చెట్లనూ సైతం గుర్తిస్తాయి. ఛాయాచిత్రంలోని మలుపును వాటితో పోల్చి చూసే ఓపిక ఉంటే, ‘పాత హైదరాబాదు వీధి’ అన్న శీర్షికకు ఒక గల్లీ పేరు దొరకవచ్చు.

7. అవే మెట్లు, వేరే మనుషులు

1949లో రెసిడెన్సీ భవనంలోకి మహిళా కళాశాల వచ్చింది. ఏ మెట్ల మీద రెసిడెంటు అతిథులను ఎదుర్కొన్నాడో ఆ మెట్ల మీదే తరగతులకు తరగతులు విద్యార్థినులు బృందచిత్రాలు తీయించుకున్నారు. రెండు సింహాలూ అలాగే ఉన్నాయి. చీరలు, ఓణీలు, తరువాతి దశాబ్దాల్లో సల్వారులు మారుతూ వచ్చాయి. ఈ చిత్రాలు నగరంలోనూ, జిల్లాల్లోనూ, విదేశాల్లోనూ ఎన్నో ఇళ్ల ఆల్బముల్లో ఉన్నాయి. కోఠీ ఛాయాచిత్రాల్లో సామాన్య కుటుంబాల ఆడపిల్లలు హక్కుగా నిలబడ్డ మొదటి వరుస ఇదే. దీన్‌దయాళ్ చిత్రంలో ఖాళీగా ఉన్న మెట్లు ఇక్కడ నిండిపోయాయి. రెండు చిత్రాలను పక్కపక్కన పెడితే, పత్రికల ‘అప్పుడు, ఇప్పుడు’ పద్ధతిలో నిట్టూర్చవలసిన అవసరం కనిపించదు. భవనం పెచ్చులూడినా చిత్రం బాగుపడింది. ఆస్థాన ఆల్బముల మీద జరిగినంత పరిశోధనలో పదోవంతైనా ఈ కళాశాల చిత్రాల మీద జరగలేదు. వాటిని సేకరించడం ఒక మంచి సిద్ధాంత వ్యాసానికి చాలిన పని.

అయితే ఇక్కడ కూడా కెమెరా నిలబడ్డ తావు మారలేదు. ఉత్తరాన, తోటలో, బజారుకు వీపు పెట్టి.

దీని పర్యవసానం 21వ శతాబ్దంలో బయటపడింది. శిథిలమవుతున్న రెసిడెన్సీ ప్రపంచ కట్టడాల నిధి దృష్టికి వచ్చింది, దాని పునరుద్ధరణ జరిగింది. జరగవలసిన పనే, సందేహం లేదు. ఎన్నో ఏళ్లుగా చిత్రాల్లో, అంతకుముందు గ్రిండ్లే వంటివారు గీసిన బొమ్మల్లో స్థిరపడ్డ భవనం కావడంతో, అది విలువైనదని ఎవరికీ కొత్తగా నిరూపించవలసిన పని లేకపోయింది. అదే కాలంలో మెట్రో రైలు మార్గం సుల్తాన్ బజారు, బడీచౌడీ మీదుగా వచ్చింది. వర్తకులు చాలాకాలం వ్యతిరేకించారు. కొన్ని దుకాణాల ముందుభాగాలు పోయాయి, కొన్ని పూర్తిగా పోయాయి. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకు మార్గం 2020 ఫిబ్రవరిలో మొదలైంది. మెట్రో వద్దని ఈ వ్యాసం వాదించడం లేదు. దాని మీద కళాశాలకు వచ్చే విద్యార్థినులు వేలమంది. కాని రెండు పక్షాల చేతుల్లో ఉన్న ఆధారాలు సమానం కావు. కోఠీ తరఫున ఆల్బములు మాట్లాడాయి. బజారు తరఫున చూపడానికి రసీదులు, దస్తావేజులు, తెర ముందు నిలబడ్డ తాతల పటాలు ఉన్నాయి. ‘మా వీధి ఇలా ఉండేది’ అని ముందు పెట్టడానికి ఒక మంచి వీధిచిత్రం కరువైంది.

కూల్చివేతల నాళ్లలో మాత్రం బజారును అందరూ తీశారు. చేతిలో ఫోనున్న ప్రతివాడూ తీశాడు. 1908లో లాగే గోడ కూలాకనే ఇంటి లోపలి భాగం బయటపడింది. ఇప్పుడు రైలు ఎత్తైన స్తంభాల మీద నడుస్తోంది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు కింద కనిపించే కప్పులను, నీళ్ల ట్యాంకులను, ఎండేసిన బట్టలను తీస్తున్నారు. ఆస్థాన ఛాయాచిత్రకారుడికి గాని, సంచికల బృందచిత్రాలు తీసినవాడికి గాని ఈ కోణం దొరకలేదు. ఆ చిత్రాల్లో తేదీ, సమయం సెకండ్లతో సహా దాఖలవుతున్నాయి. ఏ గల్లీయో, ఎవరి కప్పో మాత్రం తీసినవాడు రాస్తే తప్ప తెలియదు.